విశాఖ పార్కుల్లో సెన్సరీ గార్డెన్: పూల వాసన కన్నా ముందు దారి

క్లుప్తంగా: సెన్సరీ గార్డెన్ (చూపుతోనే కాక తాకి, విని, వాసన పట్టి తెలుసుకునే తోట) అనగానే నాలుగు మల్లెతీగలు, ఒక బ్రెయిలీ బోర్డు, పక్కన ఓ ఫౌంటెన్ అనుకోవడం మామూలైపోయింది. చూపు లేనివారు, చూపు మందగించినవారు తోటను మొదట తెలుసుకునేది పాదంతో, చెవితో. ముక్కు, చేయి ఆ తర్వాతే. విశాఖలో అయితే సముద్రపు గాలి, అలల హోరు, ఉప్పు కలిసి తోట లెక్కను ఇంకా మార్చేస్తాయి. ఏ మొక్కలు నాటారు అన్నదాని కన్నా దారి ఎలా ఉంది, గాలి ఎటు నుంచి వస్తోంది, తాకనిస్తున్నారా, రోజూ చూసుకునేవాళ్లు ఉన్నారా అన్నవే తేడా తెస్తాయి.

ఒక పేరు, మూడు రకాల తోటలు

పార్కుల సుందరీకరణ అని ఎక్కడ పని మొదలైనా 'సెన్సరీ' అనే మాట ప్లానులో కనబడుతోంది. చిక్కేమిటంటే ఆ ఒక్క పేరు కింద మూడు వేర్వేరు తోటలు నడుస్తున్నాయి. ఔషధ మొక్కలు వరసగా పెట్టి పేర్లు రాసిన హెర్బల్ గార్డెన్ ఒకటి. ఆటిజం ఉన్న పిల్లల కోసం రంగులు, గంటలు, గులకరాళ్ల బాటలు పెట్టే ఆటస్థలం రెండోది. చూపులేనివారు తమంతట తాము తిరిగేలా కట్టిన తోట మూడోది. మూడింటికీ పోలికలు ఉన్నాయి కానీ అవసరాలు ఒక్కోసారి ఒకదానికొకటి అడ్డం పడతాయి. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి చప్పుడు తగ్గితే హాయి, చూపులేని మనిషికి ఏ శబ్దమూ లేని మైదానం అంటే ఆనవాలు లేని మైదానం. గులకరాళ్ల బాట పిల్లలకు సరదా, అదే బాట తెల్లకర్ర కొనకు ప్రతి అడుగులో తట్టుకుంటుంది.

ఈ మూడో రకానికి చరిత్ర ఉంది. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ బొటానిక్ గార్డెన్‌లో 1955లో ఆలిస్ ఐరీస్ అనే ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ రూపొందించిన ఫ్రాగ్రెన్స్ గార్డెన్‌ను అమెరికాలో చూపులేనివారి కోసం కట్టిన మొదటి తోటగా చెబుతారు. మొక్కల మళ్లను నేల మీద నుంచి చేతికి అందే ఎత్తుకు లేపడం, తాకడానికి ఒకటి, వాసనకు ఒకటి అని విడదీయడం లాంటి పద్ధతులు అక్కడ కనబడతాయి. మన దగ్గర రాష్ట్రపతి భవన్ ఉద్యానంలో అబ్దుల్ కలాం హయాంలో వచ్చిన ట్యాక్టైల్ గార్డెన్ (తాకి తెలుసుకునే తోట) బాగా తెలిసినది. విశాఖకు వస్తే, స్మార్ట్ సిటీ పథకంలో బీచ్ రోడ్డు మీద వచ్చిన ఆల్ ఎబిలిటీస్ పార్క్ వైకల్యం ఉన్న పిల్లలూ లేని పిల్లలూ కలిసి ఆడుకోవాలన్న ఆలోచనతో కట్టినది. దాని గురి ప్రధానంగా పిల్లల ఆట మీద. పెద్దవాళ్లు, అందులోనూ చూపులేని పెద్దవాళ్లు సాయంత్రం ఒంటరిగా వచ్చి గంటసేపు గడిపి వెళ్లే తోట అనేది వేరే సంగతి.

చూపు లేదంటే మొత్తం చీకటి కాదు

తోట వేసేవారు ఎక్కువగా తప్పటడుగు వేసేది ఇక్కడే. దృష్టిలోపం అంటే కళ్లకు గంతలు కట్టుకున్నట్టు ఉంటుందని అనుకుని డిజైన్ చేస్తారు. 2016 వికలాంగుల హక్కుల చట్టమే దీన్ని రెండుగా విడదీసింది. మెరుగైన కంటిలో, అద్దాలు పెట్టుకున్నా చూపు 3/60 (మామూలు కన్ను 60 మీటర్ల నుంచి చూసేదాన్ని 3 మీటర్ల నుంచే చూడగలగడం) కన్నా తక్కువైతే, లేదా చూపు విస్తీర్ణం 10 డిగ్రీల లోపైతే అంధత్వం. 6/18 నుంచి 3/60 వరకు, లేదా విస్తీర్ణం 40 డిగ్రీల లోపు ఉంటే అల్పదృష్టి. అంటే చట్టప్రకారం అంధులుగా లెక్కకు వచ్చేవారిలో కూడా వెలుగునీడలు, పెద్ద ఆకారాలు, గాఢమైన రంగులు పట్టుకోగలిగినవారు ఉంటారు.

వీరి ఇబ్బందులు చూపు బొత్తిగా లేనివారి ఇబ్బందుల్లా ఉండవు. రెటినైటిస్ పిగ్మెంటోసా లాంటి జబ్బులో పక్క చూపు పోయి, గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కొంచెం మిగులుతుంది, చీకటి పడితే అదీ ఉండదు. శుక్లాలున్నవారికి ఎండలో మెరిసే తెల్ల టైల్స్, స్టీలు రెయిలింగు కళ్లలోకి కొడతాయి. చెట్టు కింద నేల మీద పడే ఎండ మచ్చలు గుంటల్లా, మెట్లలా భ్రమ పుట్టిస్తాయి. దాంతో మనిషి చదునైన నేల మీదే కాలు ఎత్తి ఎత్తి వేస్తాడు. ఇలాంటివారికి కావాల్సింది బ్రెయిలీ కాదు, ముదురు రంగు బాటకు పసుపు అంచు, మెట్టు కొనకు గాఢమైన గీత, మెరవని గరుకు నేల. మునిమాపు వేళ నందివర్ధనం లాంటి తెల్లపూలు ఎర్రపూల కన్నా చాలాసేపు కంటికి ఆనతాయి కాబట్టి బాట అంచున అవి ఉండటం అందానికే కాదు, ఆనవాలుకూ పనికొస్తుంది.

'కళ్లు లేకపోతే మిగతా ఇంద్రియాలు వాటంతటవే పదునెక్కుతాయి' అన్న మాట గురించి కూడా చెప్పుకోవాలి. పుట్టుకతోనో చిన్నతనంలోనో చూపు పోయినవారి మెదడులో దృశ్యాలకు కేటాయించిన భాగం బ్రెయిలీ చదివేటప్పుడు పనిచేస్తుందని 1996లో 'నేచర్' పత్రికలో వచ్చిన పరిశోధన చూపించింది. అది సాధనతో వచ్చిన మార్పు. అరవై ఏళ్లకు షుగర్ వల్ల చూపు పోగొట్టుకున్న మనిషి ముక్కు, చెవి రాత్రికి రాత్రి పదునెక్కవు. ఆయనకు తోట కొత్త, తెల్లకర్ర కొత్త, ఒంటరిగా బయటికి రావడమే టెన్షన్. ఒకే తోటలోకి ఈ ఇద్దరూ వస్తారు.

ముందు కాలు

తెల్లకర్ర నేల మీద చాపంలా ఊగుతూ ఒక అడుగు ముందున్నదాన్ని చెబుతుంది. కర్రతో నడిచేవారు బాట మధ్యలో కాకుండా ఏదో ఒక అంచును పట్టుకుని పోతారు. గడ్డికీ సిమెంటుకూ మధ్య తేడా, చిన్న గట్టు, కంచె అడుగుభాగం, ఏదైనా సరే తెగకుండా సాగితే చాలు. సెన్సరీ గార్డెన్‌లో మొదట ఖర్చు పెట్టాల్సింది ఈ అంచు మీద. పార్కుల్లో ఇది ఎక్కడ దెబ్బతింటుందో తేలిగ్గానే ఊహించవచ్చు. నీటి పైపు వేయడానికి తవ్వి మళ్లీ సరిగా పరవని ఇటుకలు, గడ్డి బాట మీదికి పాకి అంచు కలిసిపోవడం, బెంచీని బాట అంచుకే ఆనించి పెట్టడం, చెత్తడబ్బా. అంచు రెండు చోట్ల తెగితే చాలు, మనిషికి తోట మొత్తం మీద నమ్మకం పోతుంది.

పసుపు టైల్స్ గురించి ఒక మాట. జపాన్‌లో సేయిచి మియాకే 1965లో రూపొందించిన ఈ స్పర్శ ఫలకాలను 1967లో ఒకయామా నగరంలో అంధుల పాఠశాల దగ్గర మొదటిసారి పరిచారు. నిలువు గీతలున్నవి 'ఇటే సాగు' అంటాయి, చుక్కలున్నవి 'ఆగు, ఇక్కడ ఏదో ఉంది' అంటాయి. రెండింటినీ అలంకారానికి కలిపి పరిస్తే అర్థమే తారుమారవుతుంది. మన నగరాల ఫుట్‌పాత్‌ల మీద చుక్కల టైల్స్ బారుగా పరుచుకుపోవడం, ఆ వరస తిన్నగా కరెంటు స్తంభంలోకో ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మలోకో వెళ్లి ఆగడం కొత్త దృశ్యం కాదు. పార్కులో ప్రతి అడుగుకూ ఈ టైల్స్ అక్కర్లేదు కూడా. మలుపు దగ్గర, మెట్ల ముందు, నీటి అంచున ఉంటే సరిపోతుంది. మిగతాది నేల తీరే చెబుతుంది: ప్రధాన బాట గట్టి సిమెంటు, పక్క బాట కుదించిన మొరం, కూర్చునే చోటు చెక్క. అడుగు చప్పుడు మారగానే ఎక్కడున్నామో తెలిసిపోతుంది.

కర్ర చెప్పలేనిది నడుముకు పైన ఉన్నది. వంగిన కొమ్మ, స్తంభానికి ముఖం ఎత్తులో బిగించిన బోర్డు, మెట్ల కింది ఖాళీ. బాట మీద 2.1 మీటర్ల ఎత్తు వరకు ఏదీ అడ్డం ఉండకూడదన్నది ప్రమాణం. మన పార్కుల్లో ముచ్చటగా కట్టే కాగితం పూల ఆర్చిలు ఈ లెక్కలో ప్రమాదకరమైనవే. ముళ్లతో ఉన్న కొత్త కొమ్మలు సరిగ్గా కళ్లు, బుగ్గల ఎత్తుకు వేలాడతాయి, రెండు వానలు పడ్డాయంటే ఇంకో జానెడు పొడవు పెరుగుతాయి.

ఇక గేటు. బైకులు లోపలికి రాకుండా పెట్టే అడ్డుగొట్టాలు, ఒకరొకరుగా తిరిగి దూరాల్సిన చక్రాల గేట్లు కర్ర పట్టుకున్నవారికీ వీల్‌చైర్‌కీ మొదటి పరీక్ష. అంతకు ముందు బీచ్ రోడ్డు దాటడం ఇంకో పరీక్ష. తెల్లవారుజామున వాకింగ్‌కు వచ్చేవారి కోసం ఆర్కే బీచ్ వైపు కొంతసేపు వాహనాలు ఆపుతారు కాబట్టి ఆ వేళ పర్వాలేదు. సాయంత్రం ఆరు గంటలకు, శబ్దం చేసే సిగ్నల్ లేని చోట అదే రోడ్డు దాటి రావడం చూపున్నవారికే కష్టం. తోట ఎంత గొప్పగా ఉన్నా రోడ్డు అవతల ఆగిపోయిన మనిషికి అది లేనట్టే.

చెవి, సముద్రం

చూపులేనివారు గోడనో స్తంభాన్నో తగలకముందే ఎలా పసిగడతారన్నది చాలాకాలం వింతగా ఉండేది. ముఖం మీది చర్మం గాలిని పట్టుకుంటుందని అనుకునేవారు. 1944లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయంలో డాలెన్‌బాక్ బృందం ప్రయోగాలు చేసి అది చర్మం పని కాదు, చెవి పని అని తేల్చింది. అడుగుల చప్పుడు ఎదుటి వస్తువుకు తగిలి తిరిగి వచ్చే తీరును బట్టి అడ్డంకి తెలుస్తుంది. కర్ర కొన టకటక కూడా ఈ పనికే ఉపయోగపడుతుంది.

ఇది తెలిస్తే ఫౌంటెన్ మీద అభిప్రాయం మారుతుంది. జలజల శబ్దంలో అన్ని స్వరాలూ కలిసి ఉంటాయి, దాని పక్కన నిలబడితే ఈ చిన్న ప్రతిధ్వనులన్నీ మునిగిపోతాయి. అలాగని ఫౌంటెన్ చెడ్డదేమీ కాదు. ఒకే చోట, చిన్నగా, ఎప్పుడూ పారే నీరు ఉంటే అది ధ్వని దీపస్తంభం అన్నమాట, తోటలో ఎక్కడున్నా 'నీళ్లు నా ఎడమ చెవి వైపు' అని దిక్కు కుదురుతుంది. నాలుగు చోట్ల నాలుగు ఫౌంటెన్లు పెడితే ఆ ఉపయోగం పోతుంది. ఉన్న ఒక్కదాన్ని కరెంటు బిల్లు కోసం సాయంత్రం రెండు గంటలే నడిపితే ఉదయం వచ్చినవారికి గుర్తు చెరిగిపోతుంది.

విశాఖకు ఈ విషయంలో పెద్ద వరమే ఉంది. బీచ్ రోడ్డు పక్క పార్కుల్లో అలల శబ్దం ఎప్పుడూ తూర్పు వైపే. వాహనాల రొద పడమర. ఈ రెండింటి మధ్య మనిషి ఎటు తిరిగాడో ఏ పరికరమూ లేకుండా తెలుస్తుంది. వీఎంఆర్‌డీఏ పార్క్ (పాతవాళ్లకు ఇప్పటికీ వుడా పార్కే) లాంటి చోట దీన్ని వాడుకోవడానికి కొత్తగా కట్టాల్సిందేమీ లేదు, పాడుచేయకుండా ఉంటే చాలు. పాడుచేసేవి ఏవంటే స్తంభానికొకటి చొప్పున కట్టి పాటలు వినిపించే స్పీకర్లు, జనరేటర్లు, పిల్లల రైలు హారన్. పాట బాగుందా లేదా అన్నది కాదు సమస్య. అన్ని వైపుల నుంచీ ఒకే శబ్దం వస్తే దిక్కు అనేది మిగలదు. శివాజీ పార్క్ లాంటి ఊరి లోపలి పార్కులకు సముద్రం దన్ను లేదు కాబట్టి అక్కడ శబ్దపు గుర్తులను వేరే ఏర్పాటు చేయాలి.

చెట్లే ఆ పని చేయగలవు. రావి ఆకుకు తోక లాంటి కొన, పొడవాటి సన్నని కాడ ఉండటం వల్ల పిల్లగాలికే గలగలలాడుతుంది. వేప అలా కాదు, ఆ గాలికి మెత్తగా ఊగుతుందంతే. సరుగుడు తోపులో గాలి ఈల వేసినట్టు సాగుతుంది, తాటాకులు పెళపెళమంటాయి, వెదురు గెడలు ఒకదానికొకటి రాసుకుని కిర్రుమంటాయి. కోస్తా అంతటా కనిపించే బాదం చెట్టు ఎండాకుల మీద అడుగు వేస్తే అప్పడం విరిగినట్టుంటుంది. మలుపుకు ఒక రకం చొప్పున నాటితే బాట తానే మాట్లాడుతుంది.

గాలి ఎటు, వాసన అటు

వాసన మొక్కల జాబితాలు ఎక్కడైనా దొరుకుతాయి. వాటిలో గాలి ప్రస్తావన మాత్రం ఉండదు. విశాఖలో పగలు నేల సముద్రం కన్నా త్వరగా వేడెక్కుతుంది, నేల మీది గాలి పైకి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం నుంచి గాలి వస్తుంది. మధ్యాహ్నానికి బాగా వీస్తుంది, పొద్దుగుంకాక మెల్లగా తగ్గుతుంది. రాత్రి నేల చల్లబడ్డాక తెల్లవారే లోపు గాలి నేల మీద నుంచి సముద్రం వైపు తిరుగుతుంది. నైరుతి రుతుపవనాల నెలల్లో ఈ లెక్క కొంత చెదిరినా మిగతా రోజుల్లో స్థూలంగా ఇదే తీరు. అంటే సాయంత్రం బాట మీద నడిచేవారికి వాసన రావాలంటే మొక్క బాటకు తూర్పు పక్కన ఉండాలి, తెల్లవారుజామున వచ్చేవారికైతే పడమర పక్కన. మల్లె, సన్నజాజి, నైట్ క్వీన్ సాయంత్రం, రాత్రి విచ్చుకునేవి కాబట్టి తూర్పు పక్కకు. రాత్రి పూసి తెల్లవారేసరికి నేల మీద పరుచుకునే పారిజాతం పడమరకు. ఒకే మొక్కను పక్క మార్చి నాటితే సువాసన అంతా రోడ్డు మీద పోయే బస్సులకు దక్కుతుంది.

అయితే తూర్పు పక్క అంటే ఉప్పుగాలి మొహాన కొట్టే పక్క. మల్లె లేత ఆకులు ఆ ఉప్పుకు అంచులు మాడి ముడుచుకుపోతాయి. దీనికి విరుగుడు గోడ కాదు. గోడ మీంచి దూకిన గాలి వెనక సుడి తిరుగుతుంది. సందులున్న పచ్చని అడ్డు, అంటే సరుగుడు, కానుగ లాంటి ఉప్పుకు ఓర్చేవాటి వరస ఉంటే దాని ఎత్తుకు సుమారు పది రెట్ల దూరం వరకు గాలి జోరు తగ్గుతుంది, ఆ నీడన మల్లె బతుకుతుంది. మొగలి పొదలు కూడా ఈ పని చేస్తాయి కానీ ఆకు అంచున ముళ్లుంటాయి, చేతికి అందనంత దూరంలో పెట్టాలి.

ముక్కుకు ఇంకో గుణం ఉంది. ఒకే వాసనలో కొన్ని నిమిషాలు ఉంటే దాన్ని గుర్తించడం మానేస్తుంది. అందుకే బాట పొడవునా మల్లెలు పరిచినదాని కన్నా ఒక గుబురు, తర్వాత ఏ వాసనా లేని ఉత్త పచ్చిక, ఆ తర్వాత ఇంకో గుబురు అనే పద్ధతి బాగా పనిచేస్తుంది. పూలు ఏడాదంతా పూయవు కూడా. నలిపితే వాసన ఇచ్చే ఆకులు మాత్రం ఎప్పుడూ ఉంటాయి: తులసి, వాము ఆకు, మరువం, మాచిపత్రి, కరివేపాకు, చలికాలంలో దవనం. వాటికి ఇంకో లాభం, ఇవి ఇక్కడివారి ముక్కుకు చిన్నప్పటి నుంచి తెలిసినవే. వాసన సంకేతం మిగతా ఇంద్రియాల సంకేతాల్లా మెదడులో థాలమస్ అనే మజిలీ దగ్గర ఆగకుండా జ్ఞాపకం, ఉద్వేగాలు ఉండే భాగాలకు దగ్గరి దారిలో చేరుతుంది కాబట్టి మరువం వాసనతో అమ్మ జడ గుర్తొచ్చే మనిషికి లావెండర్‌తో ఏమీ గుర్తురాకపోవచ్చు. పైగా లావెండర్ ఈ ఉక్కకు నిలవదు.

మొక్కల ఎంపిక పొరపాటైతే వాసనే ఇబ్బంది అవుతుందనడానికి నగరంలోనే ఉదాహరణ ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను చెట్లను కూల్చేశాక నగరాన్ని త్వరగా పచ్చగా చేయాలని విరివిగా నాటినవాటిలో ఏడాకుల చెట్టు ఒకటి. అది వర్షాలు వెనకబట్టి చలి మొదలయ్యే రోజుల్లో పూస్తుంది, రాత్రయ్యేసరికి ఘాటు. తలనొప్పి, ఊపిరాడకపోవడం అంటూ జనం ఫిర్యాదులు చేశారు. వాసనను ఆనవాలుగా వాడుకునేవారికి ఆ నెలల్లో ఇంకే వాసనా ముక్కుకు ఆనదు. మురీ మిక్చర్ (మరమరాల చిరుతిండి) బండి ఎక్కడుందో కూడా తెలియదు, అదీ ఒక గుర్తే కదా.

'మొక్కలను తాకరాదు'

చూపులేనివారికి తాకడమే చూడటం. మన పార్కుల్లో సర్వత్రా కనబడే బోర్డు మాత్రం 'పూలు కోయరాదు, మొక్కలను తాకరాదు'. బోర్డు తీసేసినా వాచ్‌మన్ విజిల్ మిగిలి ఉంటుంది. సెన్సరీ గార్డెన్‌లో సిబ్బందికి శిక్షణ అంటే ముందు నేర్పాల్సింది విజిల్ వేయకుండా ఉండటం.

వేలి కొన దాదాపు 2 మిల్లీమీటర్ల ఎడంలో ఉన్న రెండు చుక్కలను వేర్వేరుగా గుర్తుపడుతుంది. బ్రెయిలీ చుక్కల మధ్య ఎడం సుమారు 2.5 మిల్లీమీటర్లు ఉండటం అందుకే సరిపోయింది. కానీ వేలు కదలకుండా ఆనించి ఉంచితే నునుపు, గరుకు సరిగా తెలియవు, రాసి చూడాలి. కాబట్టి తాకే మొక్క చేతుల రాపిడికి తట్టుకోవాలి, నలిగిన ఆకుల చోట కొత్తవి త్వరగా రావాలి. పారిజాతం ఆకు ఉప్పుకాగితంలా గరగరలాడుతుంది. వాము ఆకు దళసరిగా, నూగుతో మెత్తగా ఉంటుంది, రాసిన చేతికి వాసన అంటుకుంటుంది. జామ మాను నున్నగా, చల్లగా, అక్కడక్కడ పొలుసు రేగి ఉంటుంది. తుమ్మ బెరడు పగుళ్లలో వేలు దూరుతుంది. అత్తిపత్తి పిల్లలకు ఆటే కానీ కాడకు చిన్న ముళ్లుంటాయి. నిమ్మగడ్డి వాసనకు మంచిదే, ఆకును కొస నుంచి కిందికి రాస్తే మాత్రం వేలు కోసుకుంటుంది, కాబట్టి దాన్ని తాకే వరసలో కాక బాట వెనక ఉంచాలి.

ఉండకూడనివి ఇంకా ముఖ్యం. గన్నేరు, పచ్చగన్నేరు మన పార్కుల్లో, డివైడర్ల మీద ఇష్టంగా నాటే మొక్కలు, రెండూ విషమే. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం, ఇక ఉమ్మెత్త సంగతి అందరికీ తెలిసిందే. చూసి పక్కకు తప్పుకునే వీలున్నవారికి ఇవి పెద్ద సమస్య కాకపోవచ్చు. ఆకు తడిమి, నలిపి, వాసన చూసి, అదే చేత్తో కన్ను నులుముకునే అవకాశం ఉన్న చోట వీటికి స్థానం లేదు. పురుగుమందు కూడా అంతే, ఉదయం కొట్టి సాయంత్రం తాకమనడం కుదరదు.

దుమ్ము అనే చిన్న విషయం చివరికి పెద్దదవుతుంది. పోర్టుకు దగ్గర ప్రాంతాల్లో ఆకుల మీద నల్లటి పొర పేరుకోవడం అక్కడివారికి కొత్త కాదు, బీచ్ పక్కన ఇసుక, ఉప్పు. రెండు ఆకులు తడిమేసరికి వేళ్లు జిడ్డుగా, మురికిగా అయితే మూడోదాన్ని ఎవరూ తాకరు. డ్రిప్ పెట్టి నీళ్లు ఆదా చేయడం మంచిదే కానీ ఆకులు కడగడానికి వారానికి ఒకటి రెండుసార్లు పైనుంచి నీళ్లు కొట్టాలి, తోట చివర చేతులు కడుక్కునే కుళాయి ఉండాలి.

బ్రెయిలీ బోర్డు ఎంతవరకు

ప్రారంభోత్సవం ఫొటోలో బాగా పడేది బ్రెయిలీ బోర్డే. అది వద్దని కాదు. 1951లో ఖరారైన భారతి బ్రెయిలీ తెలుగుతో సహా మన భాషలన్నిటికీ ఒకే చుక్కల పద్ధతిని ఇచ్చింది, అంధుల పాఠశాలల్లో చదివినవారికి అది సొంత లిపి. కానీ పెద్దవయసులో చూపు తగ్గినవారిలో బ్రెయిలీ నేర్చుకున్నవారు అరుదు. వారికి పనికొచ్చేవి పెద్ద అక్షరాలు, ఫోన్‌లో తెర మీదున్నది చదివి వినిపించే టాక్‌బ్యాక్. మరి క్యూఆర్ కోడ్? స్కాన్ చేయాలంటే ముందు అది ఎక్కడుందో తెలియాలి, నునుపైన బోర్డు మీద ముద్రించిన చతురస్రం వేలికి దొరకదు. దాని చుట్టూ ఉబ్బెత్తు అంచు పెడితే దొరుకుతుంది. ఇంత చిన్న పని చాలాచోట్ల జరగదు.

స్టీలు రేకు మీద కొట్టిన బ్రెయిలీ మే నెల మధ్యాహ్నం చదవడం అంటే పెనం మీద చెయ్యి పెట్టడమే. సముద్రపు గాలికి మామూలు ఇనుము చుక్కలు తుప్పుపట్టి అరిగిపోతాయి. నీడలో, నడుము ఎత్తున, కొంచెం వాలుగా, వేడెక్కని పదార్థంతో ఉండాలి, దాని దగ్గరికి తెచ్చే గుర్తు నేల మీద ఉండాలి. బోర్డుల కన్నా ముందు గేటు దగ్గర చేత్తో తడిమి చూసే నమూనా పటం ఒకటి ఉంటే మేలు. 'బాట ఎనిమిది ఆకారంలో ఉంది, మధ్యలో నీళ్లు' అని ఒకసారి తెలిస్తే మనిషి తన తోటను తాను మనసులో గీసుకుంటాడు.

చట్టం ఏమంటోంది

2016 చట్టం ప్రజలు వాడే భవనాల నిర్వచనంలో విశ్రాంతి, వినోద కార్యకలాపాలకు వాడేవాటినీ చేర్చింది. ఉన్నవాటిని నిబంధనలు వచ్చిన ఐదేళ్లలో అందుబాటులోకి తేవాలని 45వ సెక్షన్ చెబుతోంది. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి, అంటే ఆ గడువు 2022లోనే దాటింది. దాటినా పెద్దగా కదలిక లేకపోవడానికి ఒక కారణం నిబంధనల్లోనే ఉందని సుప్రీంకోర్టు రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబరు 8న తేల్చింది. ప్రమాణాలను పాటించి తీరాలని చట్టం అంటుంటే 15వ నిబంధన వాటిని సలహాల స్థాయికి దించేసింది, కాబట్టి అది చెల్లదని చెప్పి, తప్పనిసరి ప్రమాణాలను మూడు నెలల్లో రూపొందించమని కేంద్రాన్ని ఆదేశించింది. ఈ తీర్పుకు ఆధారమైన నివేదిక ఇచ్చింది హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయ వైకల్య అధ్యయన కేంద్రం. పిటిషన్ 2005 నాటిది, వేసిన వ్యక్తికీ దృష్టిలోపం ఉంది.

పార్కులకు సంబంధించి దీని ఫలితం ఏమిటంటే, సువాసన మొక్కలు, నీటి శబ్దం, తాకే గోడలు ఇప్పటికీ ఐచ్ఛికమే, ఎవరూ నిలదీయలేరు. బాట, గేటు, మెట్ల అంచు, హెచ్చరిక టైల్స్ మాత్రం దయ కింద వచ్చేవి కావు. సెన్సరీ గార్డెన్ అని ఒక మూల అందంగా కట్టి, అక్కడికి చేరే దారిని వదిలేస్తే చట్టం అడిగినదే చేయకుండా మిగిలిపోతుంది.

వేరే తోటా, ఉన్న తోటేనా

చూపులేనివారికి విడిగా ఒక తోట కావాలా అన్నదాని మీద ఒకే మాట లేదు. విడిగా ఉంటే జనం తోపులాట, బంతులు, సైకిళ్లు ఉండవు, కొత్తగా కర్ర పట్టినవారికి సాధన చేసే చోటు దొరుకుతుంది. హనుమంతవాకలోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటి చోట్ల పునరావాస సేవలు పొందినవారు గదిలో నేర్చినది బయట పరీక్షించుకోవడానికి అలాంటి చోటు మంచిదే. మరోవైపు, విడి తోట అంటే మనవడు ఆడుకునే చోటు ఒకటి, తాత కూర్చునే చోటు ఇంకొకటి. చూపులేని మనిషి కూడా పార్కుకు వచ్చేది ఎక్కువగా మొక్కల కోసం కాదు, ఇంట్లోవాళ్లతో కలిసి కూర్చోవడానికి, కబుర్లకు, నడవడానికి. ఆ లెక్కన ఉన్న పార్కు మొత్తంలో దారిని సరిచేసి, అందులోనే రెండు మూడు చోట్ల వాసన, స్పర్శ గుబుర్లు పెట్టడం ఎక్కువ మందికి ఉపయోగం. పెదవాల్తేరులో ఆర్‌సీడీ ఆసుపత్రి ప్రాంగణంలోని బయోడైవర్సిటీ పార్క్ లాంటి చోట మొక్కల వైవిధ్యం ముందే ఉంది, అక్కడ లోటు మొక్కలది కాదు.

ఖర్చు లెక్క కూడా ఇటువైపే మొగ్గుతుంది. కట్టడానికి ఏదో ఒక పథకం కింద నిధులు వస్తాయి, ఆ తర్వాత కొమ్మలు కత్తిరించేవారు, ఆకులు కడిగేవారు, వదులైన టైలు బిగించేవారు ఏ పద్దు కింద వస్తారన్నది తేలదు. మామూలు పార్కులో నెలరోజులు పట్టించుకోకపోతే అందం తగ్గుతుంది. ఇక్కడ నెలరోజులు పట్టించుకోకపోతే వంగిన కొమ్మ కంటికి తగులుతుంది.

నగరపాలక సంస్థ జీవీఎంసీ అయినా, ప్రాంతీయాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏ అయినా టెండరులో ఒక షరతు పెట్టడం కష్టమేమీ కాదు. పని పూర్తయిందని సంతకం పెట్టే ముందు తెల్లకర్రతో నడిచే ఇద్దరు ముగ్గురిని, అల్పదృష్టి ఉన్న ఒకరిద్దరిని ఎవరి తోడూ లేకుండా బస్టాప్ నుంచి తోటలోకి, అక్కడి నుంచి కుళాయి దాకా, మళ్లీ బస్టాప్ దాకా నడవమనాలి. వాళ్లు ఆగిన ప్రతి చోటూ రాసుకోవాలి. అవి సరిచేసేదాకా కాంట్రాక్టరు చివరి బిల్లు ఆపాలి, ఏడాది తర్వాత నిర్వహణ బిల్లుకు కూడా అదే నడక పెట్టాలి.